రంగుల కలయిక: పసిపిల్లలకు చేతిపనితో బోధన

రెండు రంగులు కలిస్తే మూడో రంగు వస్తుందన్న సంగతిని మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు వాళ్ల చేతులతోనే చేయించి తెలియజెప్పడం శిశువిద్యలో బాగా స్థిరపడిన పాఠం. పిండిముద్దలు, నీళ్ల రంగులు, జిలేటిన్ కాగితాలు, గిరగిర తిరిగే అట్టబిళ్లలు, కాగితపు అల్లికలు దీనికి సాధనాలు. చూడ్డానికి ఆటలాగే ఉంటుంది. కానీ ఈ ఆటలో పిల్లవాడు ఒక ప్రయోగం మొదలు నుంచి చివరిదాకా తానే నడుపుతాడు. ఏమవుతుందో ముందు ఊహిస్తాడు, చేసి చూస్తాడు, తన ఊహ నిజమైందో కాలేదో ఎవరూ చెప్పకుండానే తేల్చుకుంటాడు. గోడకు తగిలించిన రంగుల చక్రం పటం చూపించి "ఎరుపు, పసుపు కలిస్తే నారింజ" అని వల్లె వేయిస్తే ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు. పటంతో మొదలుపెట్టి చేతిపనితో ముగించే అలవాటు మన బళ్లలో ఎక్కువగా ఉంది. ఆ వరస తిరగబడాలి. చేతిపని అయ్యాక, పిల్లలు తమకు వచ్చిన రంగులతో తామే పటం తయారు చేసుకోవాలి.

వెనకున్న శాస్త్రం

తెల్లని వెలుగులో అన్ని రంగుల కాంతులూ కలిసి ఉంటాయి. ఒక వస్తువు మీద ఆ వెలుగు పడినప్పుడు అది కొంత పీల్చుకుని మిగతాది తిప్పి పంపుతుంది. మన కంటికి చేరేది ఆ మిగిలిన భాగమే. పసుపు రంగు పదార్థం నీలి, ఊదా కాంతుల్ని పీల్చుకుంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాంతుల్ని వదిలేస్తుంది. నీలం రంగు పదార్థం ఎరుపు, నారింజ, పసుపు కాంతుల్ని పీల్చుకుని నీలంతోపాటు కొంత ఆకుపచ్చను వదులుతుంది. ఈ రెంటినీ కలిపితే రెండూ వదిలేసేది ఆకుపచ్చ ఒక్కటే కాబట్టి కలిసిన ముద్ద ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇది తీసివేత లెక్క. కొత్త రంగు చేర్చిన కొద్దీ పీల్చుకునే కాంతి పెరుగుతుంది, కంటికి చేరేది తగ్గుతుంది. డబ్బాలో ఉన్న రంగులన్నీ ఒకేచోట పోస్తే గోధుమ రంగో, బురద రంగో, నలుపో మిగిలేది ఇందుకే.

వెలుగుల్ని కలిపితే లెక్క మారిపోతుంది, అక్కడ జరిగేది కూడిక. ఒక గోడ మీద ఎర్రని టార్చి వెలుగు, ఆకుపచ్చ టార్చి వెలుగు ఒకేచోట పడితే పసుపు కనిపిస్తుంది. దానికి నీలి వెలుగు కూడా చేర్చితే తెలుపు. టీవీ, సెల్‌ఫోన్ తెరలు పనిచేసేది ఈ పద్ధతిలోనే. వెలిగే ఫోన్ తెర మీద ఒక చిన్న నీటిబొట్టు పెట్టి చూస్తే, ఆ బొట్టు భూతద్దంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతల్ని విడివిడిగా చూపిస్తుంది. రంగు పదార్థాల కలయిక వేరు, కాంతుల కలయిక వేరు అని 1852లో స్పష్టంగా విడదీసి చెప్పినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. అంతకుముందు న్యూటన్ అంతటివాడి తర్వాత కూడా నూటయాభై ఏళ్లపాటు ఈ రెండూ కలగాపులగంగానే ఉన్నాయి. కాబట్టి దీన్ని ఐదేళ్ల పిల్లలకు మాటల్లో వివరించాలని తాపత్రయపడక్కర్లేదు. టీచరుకు తెలిసి ఉంటే చాలు. తెలియకపోతే మాత్రం తిరిగే బిళ్ల దగ్గర ఇబ్బంది వస్తుంది. ఆ సంగతి కింద చూడవచ్చు.

ఎరుపు, పసుపు, నీలం మూడే మూల రంగులన్న మాట బడిలో చెప్పుకునే లెక్క. అచ్చు యంత్రం వాడేవి వేరే మూడు: ఆకాశనీలానికి దగ్గరగా ఉండే సయాన్, రాణీ రంగుకు దగ్గరగా ఉండే మెజెంటా, పసుపు. ముదురు కోసం నలుపు తోడవుతుంది. దినపత్రిక ఆదివారం అనుబంధంలోని రంగుల బొమ్మను భూతద్దం కింద పెడితే ఈ నాలుగు రంగుల చుక్కలే కనిపిస్తాయి. పేజీ అంచున చిన్నగా అచ్చయ్యే రంగు గుర్తులు కూడా అవే. పిల్లలకు ఇది తెలియాల్సిన పని లేదనిపించవచ్చు గాని, ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఇక్కడే ఉంది. "ఎరుపు, నీలం కలిస్తే వంగపండు రంగు" అని పుస్తకం చెబుతుంది. దుకాణంలో దొరికే పోస్టర్ కలర్ సెట్లోని ఎరుపు చాలాసార్లు నారింజ వైపు మొగ్గి ఉంటుంది, అంటే నీలి కాంతిని బాగా పీల్చేస్తుంది. దాన్ని నీలంతో కలిపితే వంగపండు రంగుకు బదులు గోధుమ చాయ వస్తుంది. పిల్ల "రాలేదు టీచర్" అంటుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఎరుపుకు బదులు రాణీ రంగు ఇస్తే అదే నీలంతో మంచి ఊదా వస్తుంది. అందుకని తరగతిలోకి వెళ్లే ముందు టీచరు తన చేతిలో ఉన్న సరుకుతో ఒకసారి కలిపి చూసుకోవడం తప్పనిసరి.

బడిలోకి ఎలా వచ్చింది

ఐజాక్ న్యూటన్ 1704లో అచ్చైన "ఆప్టిక్స్"లో రంగుల్ని ఒక చక్రంలో అమర్చాడు. సుమారు అదే కాలంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన చిత్రకారుడు యాకబ్ క్రిస్టఫ్ లె బ్లాన్, ఎరుపు, పసుపు, నీలం మూడు పలకలతో రంగుల బొమ్మలు అచ్చువేసే పద్ధతి కనిపెట్టాడు. చిన్నపిల్లల చదువులో రంగుకు స్థానం ఇచ్చింది ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆయన మొదలుపెట్టిన బడే తర్వాత కిండర్‌గార్టెన్ అయింది. ఆయన పిల్లలకిచ్చిన మొదటి కానుక ఆరు ఊలు బంతులు: ఎరుపు, పసుపు, నీలం మూడు, వాటి కలయికతో వచ్చే నారింజ, ఆకుపచ్చ, ఊదా మూడు. కానీ ఆ ఆరూ సిద్ధంగా రంగు అద్ది ఉన్నవే. పిల్లవాడు వాటిని చూస్తాడు, పట్టుకుంటాడు, ఊపుతాడు. కలపడు.

మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో బాలల ఇల్లు తెరిచినప్పుడు కూడా రంగు పాఠం అదే దారిలో సాగింది. ఆమె రంగు పలకల మూడో పెట్టెలో తొమ్మిది రంగులు, ఒక్కో రంగుకు ఏడు చాయలు, మొత్తం 63 పలకలు ఉంటాయి. ముదురు నుంచి లేతకు వరసగా పేర్చడం కంటికి గొప్ప సాధన. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా ఇక్కడే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంతో ఈ పెట్టెలు మన దేశంలో అనేక బళ్లకు చేరాయి. అయితే ఆ చాయలు ఎలా వస్తాయో పెట్టె చెప్పదు. ఒక పసుపు చుక్కకు తెలుపు కొంచెం కొంచెం పెంచుతూ ఏడు మూతల్లో ఏడు చాయలు పిల్లల చేతే చేయించి, ఆ తర్వాత పలకలు పేర్పిస్తే ఆ పేర్పు అర్థమే మారుతుంది.

కలపడాన్ని పిల్లల చేతికి ఇచ్చినవాళ్లలో అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీని ముందు చెప్పుకోవాలి. ఆటవస్తువుల తయారీదారుగా పేరొందిన ఈయన కిండర్‌గార్టెన్‌కు వీరాభిమాని. 1890లలో రంగు బోధన మీద పుస్తకాలు రాసి, చిన్నపిల్లలు తిప్పి చూసే రంగు బిళ్లల్ని బళ్లకు అందించాడు. ఆ బిళ్లల మూలం స్కాట్లండ్ భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1850లలో చేసిన ప్రయోగాల్లో ఉంది. 1903లో బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ ఎనిమిది క్రేయాన్ల పెట్టెను ఐదు సెంట్లకు అమ్మడం మొదలుపెట్టాక రంగు సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది. కానీ మైనపు క్రేయాన్ ఒకదానిమీద ఒకటి గీస్తే సరిగా కలవదు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలైన వాల్‌డోర్ఫ్ బళ్లు తడి కాగితం మీద పలచని నీళ్ల రంగు పారించే పద్ధతి తెచ్చాయి. 1930లలో రూత్ ఫైసన్ షా అనే అమెరికన్ ఉపాధ్యాయిని వేళ్లతో పూసే రంగుల్ని ప్రచారంలోకి తెచ్చింది. కుంచె మధ్యలో లేకుండా రంగు నేరుగా చర్మానికి తగిలే పాఠం దానితో బలపడింది.

పిండిముద్ద కథ మరీ ఆసక్తికరం. అమెరికాలోని సిన్సినాటిలో ఒక కంపెనీ గోడకాగితాల మీది బొగ్గు మసి తుడవడానికి మెత్తని ముద్ద ఒకటి అమ్మేది. ఇళ్లలో బొగ్గు పొయ్యిలు పోయి గ్యాసు వచ్చేసరికి దాని అవసరం తగ్గిపోయింది. 1950ల మధ్యలో కే జుఫాల్ అనే నర్సరీ టీచరు దాన్ని పిల్లల చేతికిచ్చి బొమ్మలు చేయించింది. అలా అది ప్లే-డో అయింది. మొదట ఒకే ఒక రంగు, మాసిన తెలుపు. కొద్దికాలంలోనే ఎరుపు, పసుపు, నీలం చేరాయి. ఆ మూడుతో మిగతావన్నీ పిల్లలే చేసుకోవచ్చు. ఇవాళ్టి పెట్టెల్లో రంగులు లెక్కలేనన్ని. పాఠం దృష్ట్యా చూస్తే ఆ మూడు డబ్బాలే మేలు. 1959లో లియో లియొన్ని రాసి బొమ్మలు కూర్చిన "లిటిల్ బ్లూ అండ్ లిటిల్ యెల్లో" కథలో పాత్రలు చింపిన కాగితం ముక్కలే. నీలం ముక్క, పసుపు ముక్క కౌగిలించుకుని ఆకుపచ్చ అయిపోతాయి. రంగుల కలయిక మీద పిల్లల పుస్తకాలకు అది ఒరవడి పెట్టింది.

పిండిముద్దతో పాఠం

ఈ పాఠానికి ఉన్న చేతిపనులన్నిటిలో పిండిముద్దకే మొదటి స్థానం ఇవ్వాలి. నీళ్ల రంగులు క్షణంలో కలిసిపోతాయి. కళ్లు ఆర్పే లోపు పసుపు పోయి పచ్చ వచ్చేస్తుంది. ఏం జరిగిందో పిల్లకు చిక్కదు. పిండి అలా కాదు. కలవడానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాలన్నీ పిల్ల చేతిలోనే గడుస్తాయి.

ఇంట్లో చేసుకోవడం సులువు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె తీసుకుని, ముప్పావు కప్పు దాకా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలపాలి. దాన్ని నాలుగు భాగాలు చేసి మూడింటిలో వంటకు వాడే రంగులు ఎరుపు, పసుపు, నీలం వేసి, ఒకటి తెల్లగానే ఉంచాలి. రంగు నీళ్లలో కరిగించి వేస్తే పిండి జిగురుగా అయిపోతుంది కాబట్టి పొడిని కొంచెం నూనెలో కలిపి పిసకడం, లేదా రంగు నీళ్లను లెక్కలోని నీళ్లకు బదులుగా పోయడం మంచిది. ఉప్పు వల్ల పిండి త్వరగా పాడవదు. మూత బిగించిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే పనికొస్తుంది. పసుపు రంగుకు వంటింటి పసుపు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పిండి మెత్తబడాలని వంటసోడా వేస్తే ముద్ద నారింజ ఎరుపుకు తిరుగుతుంది. దీని సంగతి మళ్లీ వస్తుంది.

పాఠం మొదలయ్యేది ప్రశ్నతో. పిల్లకు నిమ్మకాయంత పసుపు ముద్ద, శనగగింజంత నీలం ముద్ద ఇచ్చి, "ఈ రెండూ పిసికితే ఏం రంగు వస్తుందనుకుంటున్నావమ్మా?" అని అడగాలి. మూడేళ్ల పిల్లలు ఎక్కువగా తమకిష్టమైన రంగు పేరు చెబుతారు. అది తప్పని అనకూడదు. పిసకడం మొదలయ్యాక ముందు కనిపించేది ఆకుపచ్చ కాదు, చారలు. పసుపు ముద్దలో నీలి గీతలు సాగుతాయి. ఆ గీత అంచున, సన్నగా, రెండూ రాసుకున్న చోట మాత్రం పచ్చ పుడుతుంది. ముద్దను మధ్యకు లాగి తెంపితే లోపలి చారలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడ ఒక నిమిషం ఆగమనాలి. పసుపు ఎక్కడుంది, నీలం ఎక్కడుంది, మూడోది ఎక్కడ మొదలవుతోంది అని వేలితో చూపించమనాలి. రెండు రంగులు కలిసి మూడోది అవుతున్న సమయాన్ని ఇంత దగ్గరగా, ఇంత నిదానంగా చూపించే వస్తువు నర్సరీ తరగతిలో మరొకటి లేదు. చాలామంది టీచర్లు ఈ దశను దాటించేయడానికి తొందరపడతారు. "ఇంకా పిసుకు, ఇంకా పిసుకు" అంటారు. ఆ తొందరలో పాఠంలోని సారం జారిపోతుంది.

ముద్దంతా ఒకే రంగుకు వచ్చాక పిల్లలు సాధారణంగా రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు సంబరపడి ఇంకో రంగు కావాలంటారు. కొందరు "నా నీలం ఇచ్చెయ్" అంటారు. రెండో మాటను అల్లరిగా కొట్టిపారేయకూడదు. ఒక మార్పును మనసులోనే వెనక్కి తిప్పి చూసే శక్తి సుమారు ఏడేళ్ల వయసుకు గాని స్థిరపడదని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఝాఁ పియాజే చెప్పాడు. నాలుగేళ్ల పిల్లకు నీలం పోయింది, అంతే. "నీలం ఇందులోనే ఉంది, బయటికి తీయలేం" అన్న మాట ఆ వయసుకు పెద్దమాట. మొదట్లోనే ప్రతి రంగు ముద్దలోంచి చిన్న ఉండ పక్కన పెట్టించి ఉంచితే ఏడుపు ఆగుతుంది. కలిపిన దాన్ని దేనినుంచి చేశామో పోల్చి చూసుకోవడానికి కూడా ఆ ఉండలే ఆధారం.

మోతాదు పాఠం తర్వాతి వారానిది. రంగులకు బలం ఒకేలా ఉండదు. నీలం చిటికెడు పడితే పసుపంతా లొంగిపోతుంది. నీలంలో పసుపు చిటికెడు వేస్తే తేడాయే కనిపించదు. అందుకే లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగును కొద్దికొద్దిగా చేర్చాలన్నది రంగు పని చేసే ప్రతివాడూ పాటించే పద్ధతి. ఐదేళ్ల పిల్లలు ఒక్కో శనగగింజంత నీలం చేరుస్తూ ప్రతి దశలో చిన్న ఉండ తీసి వరసగా పెడితే లేత చిలకపచ్చ నుంచి ముదురు అడవిపచ్చ దాకా ఒక బారు తయారవుతుంది. ఎన్ని ఉండలు నీలం పడిందో పక్కన గీతలు గీయిస్తే అదే లెక్కల పాఠం కూడా అవుతుంది.

ఇతర చేతిపనులు

జిలేటిన్ కాగితాల పని తడి లేనిది, శుభ్రమైనది. పాత అట్టపెట్టెలో కిటికీలు కోసి ఎర్ర, పసుపు, నీలి జిలేటిన్ ముక్కలు ఒకదాని అంచు ఒకదానిమీద పడేలా అతికించి ఎండకు ఎదురుగా పెడితే, అంచులు కలిసిన చోట మూడో రంగు నేల మీద పడుతుంది. కాగితం పక్కకు జరిపితే రంగు పోతుంది. మళ్లీ జరిపితే వస్తుంది. "నా నీలం ఇచ్చెయ్" అన్న పిల్లకు ఇదే సరైన జవాబు.

నీళ్లలో రంగు నడవడం మరొకటి. మూడు గ్లాసులు వరసగా పెట్టి, రెండు చివర్ల ఉన్నవాటిలో పసుపు నీళ్లు, నీలి నీళ్లు పోసి, మధ్య గ్లాసు ఖాళీగా ఉంచి, మడిచిన టిష్యూ కాగితాల్ని వంతెనల్లా వేస్తే కొన్ని గంటల్లో మధ్య గ్లాసులోకి ఆకుపచ్చ నీళ్లు చేరతాయి. కాగితం పీచు సందుల్లోంచి నీరు తనంతట తానే ఎగబాకడం దీనికి కారణం. దీనికి తిరగేసిన ప్రయోగం నల్ల స్కెచ్ పెన్నుది. టిష్యూ ముక్క మీద నల్ల చుక్క పెట్టి కింది అంచు నీళ్లలో ముంచితే, నీరు పైకెక్కుతూ నలుపును నీలం, గులాబి, పసుపు చాయలుగా విడదీస్తుంది. 1900ల తొలి ఏళ్లలో రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ ఆకుల్లోని రంగుల్ని విడదీయడానికి కనిపెట్టిన క్రొమటోగ్రఫీ సూత్రం ఇదే. నీటికి చెరగని మార్కరుతో ఇది కుదరదు.

తిరిగే బిళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. అట్టను గుండ్రంగా కత్తిరించి, మధ్య రెండు రంధ్రాలు పొడిచి, దారం కట్టి లాగి వదిలితే గిరగిర తిరుగుతుంది. బిళ్లలో సగం ఎరుపు, సగం పసుపు వేస్తే నారింజ కనిపిస్తుంది, అంతా బాగానే ఉంటుంది. సగం పసుపు, సగం నీలం వేసి తిప్పితే ఆకుపచ్చ రాదు, బూడిద రంగు వస్తుంది. ఇక్కడ రంగులు ఒకదాన్నొకటి తగ్గించుకోవడం లేదు. రెండు రంగుల కాంతులు వెంటవెంటనే కంటిలో పడి సరాసరి అవుతున్నాయి. ఇది చిన్న తరగతికి పనికిరాదని కాదు. అప్పటికే పిండితో ఆకుపచ్చ చేసిన పిల్లలకు ఇది మంచి ఆశ్చర్యం. ముందే చూపిస్తే మాత్రం గందరగోళం.

కాగితపు అల్లిక ఫ్రోబెల్ నాటి పని. నీలి కాగితంలో నిలువు చీలికలు కోసి పసుపు పట్టీలను ఒకటి కిందకు, ఒకటి పైకి దూర్చాలి. వెడల్పు పట్టీలతో అల్లితే గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. పట్టీలు సన్నమయ్యే కొద్దీ, దూరం నుంచి చూసే కొద్దీ రెండు రంగులు విడిగా తెలియకుండా ఒక మధ్య రంగు కనబడుతుంది. ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసే రెండు చాయల చీరల సూత్రం దీనికి దగ్గరిదే. వెలుగు పడే వైపును బట్టి పడుగు రంగో పేక రంగో పైకి తేలుతుంది. పిల్లలచేత ఇంట్లో ఉన్న అలాంటి చీర కొంగును తెప్పించి భూతద్దంతో పోగులు చూపించగలిగితే ఆ పాఠం పుస్తకం ఇవ్వలేనిది ఇస్తుంది.

తెలుగు నేల మీద

రంగుల కలయిక మీద ఇంత పాత, ఇంత ఘనమైన అనుభవం ఉన్న ప్రాంతంలో నర్సరీ పాఠాలు మాత్రం దిగుమతి వర్క్‌షీట్ల మీద నడవడం బాధాకరం. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తాడు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి కసిమి చేస్తాడు. ఎరుపుకు పటిక రాసి మొక్కల వేళ్ల రంగులో ఉడికిస్తాడు. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ఆకుపచ్చకు వేరే పదార్థం లేదు. నీలం, పసుపు ఒకదానిమీద ఒకటి పడిన చోటే ఆకు పచ్చబడుతుంది. మ్యూజియంలలో ఉన్న పాత కోరమాండల్ అద్దకపు గుడ్డల్లో చాలా ఆకులు నీలంగా కనిపించడానికి కారణం కూడా ఇదే. వెలుతురుకు తట్టుకోలేని పసుపు రెండు మూడు వందల ఏళ్లలో వెలిసిపోయింది, కిందున్న నీలం మిగిలింది. పచ్చ అన్నది రెండు పొరలని ఇంతకంటే తేటగా చెప్పే సాక్ష్యం లేదు. ఆరేడేళ్ల పిల్లలకు ఒక నీలి ఆకు బొమ్మ ఫొటో చూపించి "ఈ ఆకు ఎందుకు నీలంగా ఉంది?" అని వదిలేస్తే వాళ్లే విప్పుతారు.

సంక్రాంతి ముగ్గులో రంగుకు తెల్లపిండి కలిపి లేత చేయడం, బతుకమ్మకు తెల్లని గునుగు పూలను రంగు నీళ్లలో ముంచడం, హోళీకి మోదుగ పూలు ఉడికించి నారింజ నీళ్లు తీయడం పిల్లలు రోజూ చూడకపోయినా ఏటా చూసేవే. గునుగు పూల మీద మరో సాధన కుదురుతుంది. ముందు పసుపు నీళ్లలో ముంచి, ఆరాక సగం దాకా నీలి నీళ్లలో ముంచితే ఒకే పువ్వు మీద రెండు రంగులు, మధ్య మూడోది నిలుస్తాయి.

పసుపు, సున్నం కలిస్తే ఎర్రగా మారడం ప్రతి తెలుగింటి పిల్లకూ తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు, పాదాలకు పెట్టే పారాణి అలా వచ్చేవే. కొందరు టీచర్లు దీన్ని కూడా రంగుల కలయిక కిందే చూపిస్తారు. అది సరి కాదు. ఆ గిన్నెలో పడినవి పసుపు, తెలుపు. కలయికే అయితే లేత పసుపు రావాలి. ఎరుపు రావడం రసాయన మార్పు: పసుపులోని కుర్కుమిన్ క్షారం తగలగానే రూపు మార్చుకుంటుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. శంఖుపువ్వు నీలి కషాయంలో నిమ్మరసం పడితే ఊదా రావడం కూడా ఈ కోవలోదే. రెండు పాఠాలూ చెప్పదగినవే, విడివిడిగా. "పిండిలో తెలుపు వేస్తే పసుపు లేతబడింది కదా, మరి సున్నం తెల్లనిదే, ఎందుకు ఎర్రబడింది?" అని అడిగితే ఏడేళ్ల పిల్లలకు రెంటి మధ్య తేడా ఉందని తడుతుంది.

2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా తీసుకుని ఆటకు, చేతిపనికి పెద్దపీట వేసింది. అంగన్‌వాడీలు ఈ దశకే చెందుతాయి. పిండి, ఉప్పు, నూనె ఏ అంగన్‌వాడీకీ దూరం కావు.

బురద రంగు

ఏ తరగతిలోనైనా ఒకరో ఇద్దరో అన్ని ముద్దలూ ఒకటి చేసి గోధుమ రంగు ముద్ద పట్టుకొస్తారు. "అయ్యో, పాడు చేశావ్" అన్న మాట ఇక్కడ అలవాటుగా వస్తుంది. అది ఈ పాఠంలో అనకూడని మాట. అన్ని రంగులూ కలిస్తే ఇది వస్తుందన్నది నారింజ, ఆకుపచ్చల ఫలితమంత నిజమైన ఫలితం. పైగా తీసివేత లెక్కకు అసలు రుజువు. చిత్రకారులు ఎదురెదురు రంగులు కలిపి మట్టి, చెక్క, చర్మం, నీడ రంగుల్ని సాధించేది ఈ దారిలోనే. ఆకుపచ్చ ముద్దకు ఎరుపు, ఊదా ముద్దకు పసుపు, నారింజ ముద్దకు నీలం చేర్పించి చూస్తే మూడు రకాల గోధుమలు వస్తాయి. వాటితో చెట్టు మొదలు, ఎద్దు, కుండ చేయమనవచ్చు. పెట్టెలో కొని తెచ్చిన గోధుమ రంగు క్రేయాన్‌తో గీసే పిల్లకు ఆ మూడింటి తేడా ఎన్నటికీ కనిపించదు.

వయసును బట్టి ఆశించేది మారాలి. రెండేళ్ల పిల్లలు రంగు పేరు సరిగా చెప్పలేకపోయినా ఒకేలాంటి రంగుల్ని జతపరచగలరు. వాళ్లకు గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో రెండు రంగులు పోసి పైనుంచి నొక్కనిస్తే చాలు. చేతికి జిగురు అంటడం గిట్టని పిల్లలకూ ఈ సంచే మార్గం. మూడు, నాలుగేళ్లలో రెండేసి రంగులు, ఐదేళ్లలో మోతాదు, ఆరేడేళ్లలో చాయలు, విడదీయడం, అచ్చు చుక్కలు. ఒకే రోజు ఆరు కలయికలు చూపించడం కంటే వారానికి ఒకటి నిదానంగా చేయించడం నయం.

జాగ్రత్తలు

హోళీ పొడులు, బజారు ముగ్గు రంగులు, గోడ పెయింట్లు పిల్లల పిండిలోకి రాకూడదు. పాత పసుపు, నారింజ పెయింట్లలో సీసం సమ్మేళనాలు వాడేవారు. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. 2021 నుంచి ఆటవస్తువులకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న రంగుల డబ్బా కొనడం క్షేమం, బట్టల మీద మరక మాత్రం పడుతుంది. ఉప్పు పిండి మింగితే ప్రమాదం కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర పెద్దవాళ్లు కూర్చోవాలి. గోధుమ పడని పిల్లలకు మైదా బదులు బియ్యప్పిండి వాడవచ్చు. కాస్త విరుగుతుంది, నూనె ఇంకో చెంచా పోస్తే సర్దుకుంటుంది.

తరగతిలో ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని పిల్లవాడు ఉండే అవకాశాన్ని టీచరు ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది గనుక మగపిల్లల్లో ఎక్కువ. యూరప్ సంతతి మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి, ఆడవాళ్లలో అర శాతం మందికి ఉంటుంది. ఆసియా ప్రజల్లో కొంత తక్కువ. అలాంటి పిల్లవాడు ఆకుపచ్చ ముద్దను గోధుమ అనొచ్చు. అతడు పాఠం వినలేదనుకుని దండించడం అన్యాయం. ఒకటికి రెండుసార్లు అదే జంటలో తడబడితే తల్లిదండ్రులకు చెప్పి కంటి డాక్టరు దగ్గర పరీక్ష చేయించమనాలి. జపాన్ వైద్యుడు షినొబు ఇషిహారా 1917లో రూపొందించిన చుక్కల పటాలు ఇప్పటికీ ఆ పరీక్షకు వాడతారు. అంకెలు ఇంకా రాని పిల్లలకు వేలితో దారి గీసి చూపించే పటాలు అందులోనే ఉన్నాయి. తరగతిలో అతడికి పసుపు-నీలం జంట, నీలం-తెలుపు జంట ముందు ఇవ్వాలి. డబ్బాల మూతల మీద రంగు పేరో గుర్తో రాసి అతికించాలి. ముదురు, లేత వరస పేర్చే పనిలో అతడు మిగతావాళ్లతో సమానంగా నిలవగలడు.